ముట్టుకోగూడదంట

జీవకోనలో ఏ ఇంట్లో పాము దూరినా
మా ఆయనకే ఫోను.
పగలు కరెంటు స్తంభాలెక్కే చెంగల్రాయుడు
రాత్రిళ్లు జనాల వాషింగ్ మిషన్ల కింద పండుకుంటాడు
టార్చి నోట్లో కరుచుకోని.

పదిహేడేండ్లు.
పాము చావకుండా, కట్టె ఇరగకుండా
ఆయన పాముల్ని పట్నాడు.
అదే మాదిరి నేను సంసారం నడిపినాను.
ఒక్క తూరి కూడా ఆయన ఎంబడి పోలేదు.
సంచి ఇంట్లోకొస్తే నేను వీధిలోకి పోయేట్టు
మా ఒప్పందం.

చీటీ పాడిన దినం
ఊటీ అన్నాను నేను, కొడైకెనాల్ అనింది బిడ్డ.
ఆయన మాత్రం పటం పరిచి
సముద్రం అవతల వేలు పెట్నాడు.
ఆ వేలికి మొన లేదు,
ఎప్పుడో నాగుపాము వసూలు చేసుకున్న బాకీ.

మా అత్త ఉప్పు దిగదుడిచి అడిగింది:
"ఆడ పుట్టలుండాయా?
చవితినాడు పాలెవురు పోస్తారు?"
"పాము పాలు తాగదుమా" అన్నాడాయన, వెయ్యో తూరి.
"నువ్వు తాగినావు గదా, ఊరకుండు" అనింది ఆమె.

ఏజెంటు ఇచ్చిన కాగితంలో
ఎందుకు పోతాండారు అని ఉన్నకాడ
'పాములు' అని రాసినాడు.
కొట్టేసి, 'ఊరు చూసేదానికి' అని నేనే రాయించినాను.

పెనాంగులో, ఒక సందు మొగదాల,
ఎవురో కొండచిలవని జనాల మెడల్లో వేసి
ఫోటోకి ఇంత అని తీసుకుంటాండాడు.
బిడ్డ పర్సు తీసింది.
మా ఆయన పాము కండ్లు చూసినాడు.
నీలంగా పొర కమ్ముకోనుంది.
కుబుసం ఇడిచే దినాలంట, దానికి చూపు ఆనదంట,
బాలింత మాదిరి ఒక మూల పండుకోవాల్సిందంట.
"నాలుగు దినాలు దాన్ని వదిలెయ్యన్నా" అన్నాడు.
మన చిత్తూరోళ్ల అరవం అంత దూరం నడిచింది గానీ
"ఆ నాలుగు దినాలు నా పిలకాయలకి
అన్నం నువ్వు పెడతావా" అని
ఆ మనిషీ అరవంలోనే అడిగినాడు.
ఈయన దగ్గర జవాబు లేదు.
ఆ రాత్రి నేను మూట కట్టి తెచ్చిన పులిహోర
ఆయన గొంతు దిగలేదు.

మరుసటి దినం చీకటి పడినాక
అడివిలో దోవ చూపే పిల్లోడు
తల ఎత్తమని కొమ్మ మీదికి లైటేసినాడు.
ఆకుపచ్చ. దాని మీద పసుపు కట్లు.
మన రక్తపింజరికి దూరపు చుట్టమంట.
మూడు దినాలుగా అదే కొమ్మ, అదే చుట్ట.
"ముట్టుకోగూడదు, చూడాల, అంతే."

అప్పుడు చూసినాను నేను, ఆయన చేతుల్ని.
సంచి లేదు, కొక్కెం లేదు,
కొట్టు కొట్టు అని అరిచే జనం లేదు,
వాళ్లకంటే ముందు పట్టాలనే తొందర లేదు.
ఏం చెయ్యాల్నో తెలీక
ఆ చేతులు ఒకదాన్నొకటి పట్టుకోనుండాయి,
బళ్లో తొలిదినం పిలకాయల్లాగా.

పాము కదల్లేదు.
మేమూ.
దోమలు కుట్నాయి. బిడ్డ నా భుజం మీద గడ్డం ఆనించింది.
నాలిక ఒక్కసారి బయటికొచ్చి
మా వాసన రుచి చూసి లోపలికి పోయింది.
అంతే జరిగింది.
మూడు లక్షల చీటీ అంతదానికి!
ఊళ్లో ఎవురన్నా అడిగితే ఏం చెప్పాల?
"చూస్తివా" అన్నాడాయన మెల్లిగా.
చూస్తిని.

తిరపతికొచ్చిన మూడో దినం, రాత్రి రెండు గంటలకి, ఫోను.
బియ్యం డ్రమ్ము ఎనకాల ఏందో బుస కొడతాందంట.
ఆయన చెప్పులు వెతుక్కుంటాండాడు.
నేను టార్చి తీసినాను.
"నువ్వు యాడికి?"
"పట్టేది నువ్వే. రొంతసేపు ఆగి పట్టు.
ముందు నేను చూడాల."

బండి ఎనకాల కూచున్నాను, ఒళ్లో ఖాళీ సంచి.
ఎదురుగా కొండ మీద ఘాట్ రోడ్డు దీపాలు
మెలికలు తిరిగి పైకి పోతాండాయి.
మా అత్త వాకిట్లోకొచ్చి
ఇద్దురూ పోతే తలుపెవురు వేసుకుంటారని
ఒకటే తిడతాంది.